3018 మిషన్: ఒకే పలకలో మూడు లోతులు కావాల, కొత్తోడికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?

రేడియం షాపు, కర్నూలు:

అన్నలందరికీ నమస్తే. మాది కర్నూలు, చిన్న రేడియం షాపు. నంబర్ ప్లేట్లు, ఆటోల వెనక రాతలు, పెండ్లి కార్ల స్టిక్కర్లు, ఇదే పని. కోరెల్‌డ్రా, అనూ ఫాంట్లు చేతికి అలవాటు. వినైల్ కట్ చేసేటప్పుడు లోతు గురించి ఎవరు ఆలోచిస్తారు, బ్లేడు స్క్రూ ఒకసారి సరిచూసుకుంటే నెలల తరబడి దాని జోలికే పోము.

ఇప్పుడు ఒక 3018 రూటర్ (కంప్యూటర్ చెప్పినట్టు చెక్కను చెక్కే చిన్న మిషన్) సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. 775 మోటారు, బిట్టును పట్టుకునే ఈఆర్11 కాలెట్, బోర్డులో మిషన్‌ను నడిపే జీఆర్‌బీఎల్ 1.1. ఇంటి నేమ్ ప్లేట్లు చేద్దామని. మొదటి ఆర్డరు తెలిసినాయనదే, గృహప్రవేశానికి కావాలంట. 12 ఎంఎం టేకు పలక, 250కి 120. చుట్టూ బోర్డరు పైమట్టంలోనే ఉండాల. లోపల నేల 3 ఎంఎం దిగాల, "లక్ష్మీ నిలయం" అనే అక్షరాలు ఉబ్బెత్తుగా నిలబడాల. ఎడమ పక్క కొండారెడ్డి బురుజు బొమ్మ, దాని ద్వారం మాత్రం 6 ఎంఎం లోపలికి పోవాల. గోడకు బిగించేదానికి రెండు రంధ్రాలు పూర్తిగా అవతలికి.

మిషన్‌తో పాటు క్యాండిల్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఇచ్చినారు. దాంట్లో ఏ బొమ్మకు ఎంత లోతు అని చెప్పే చోటే కనపడలేదు. యూట్యూబ్ చూస్తే ఒకరు ఫ్యూజన్ అంటారు, ఒకరు ఆర్ట్‌క్యామ్ అంటారు. నా లాప్‌టాప్ పాతది, 4 జీబీ ర్యామ్, విండోస్. ఊరికే వచ్చేదైతే సంతోషం. పని నడిస్తే డబ్బు పెట్టేదానికీ రెడీ. దేంతో మొదలుపెట్టమంటారు?

ఆదోని కుర్రోడు:

ఆర్ట్‌క్యామ్ ఏస్కో బ్రో. డోర్లు చెక్కేవాళ్లందరూ అదే. పెన్‌డ్రైవ్ తెస్తే నేనే ఎక్కిస్తా.

చెక్కపని, అనంతపురం:

అప్పా, ఆ పెన్‌డ్రైవ్ సంగతి పక్కన పెట్టు. ఆర్ట్‌క్యామ్‌ను ఆటోడెస్క్ వాళ్లు 2018లోనే ఆపేసినారు. ఇప్పుడు షాపుల్లో తిరిగేదంతా ఎవరో ఎప్పుడో క్రాక్ చేసిందే. దాని వారసత్వం కార్వ్‌కో అనే పేరుతో వస్తాంది, డబ్బు కట్టి తీసుకోవచ్చు. నీ నేమ్ ప్లేటుకు అంత హంగామా అక్కరలేదు.

మాది అనంతపురం. వాకిండ్లు, దేవుని మందిరాలు చేసే ఇల్లు. పెద్ద రూటర్ వేరే ఉండాది, శాంపిళ్లకు టేబుల్ మీద నీ 3018 మాదిరిదే ఒకటి పెట్టుకున్నా. కాబట్టి దాని బలమూ తెలుసు, దాని నీరసమూ తెలుసు.

క్యాండిల్‌లో లోతు కోసం వెతకొద్దు. రాసిచ్చిన జీకోడ్‌ను (మిషన్ ఎట్ల కదలాలో చెప్పే ఆదేశాలు) వరసబెట్టి బోర్డుకు పంపడమే దాని పని. లోతు తీర్మానం అయ్యేది అంతకు ముందే, టూల్‌పాత్ (బిట్టు నడిచే దారి) తీసే సాఫ్ట్‌వేర్‌లో. కోరెల్‌లో బొమ్మ గీస్తావు, క్యాండిల్‌తో పంపుతావు, ఈ రెంటికీ నడుమ ఒకటి కావాల. నువ్వు అడగాల్సింది ఆ నడుమదాని గురించే.

దాన్ని ఎంచుకునేటప్పుడు నేను మొట్టమొదట చూసేది, లోతును యాడ నుంచి కొలుస్తాది అని. రకరకాల లోతుల పనిలో కొత్తోళ్లు తికమకపడేదంతా ఈడనే. నీ బురుజు ద్వారం మాదిరి గుంట, ముందే 3 దిగిన నేలలో ఉండాదనుకో. పైమట్టం నుంచి 6, కానీ అప్పటికే దిగిపోయిన నేల నుంచి 3. ఈజెల్ అనే సాఫ్ట్‌వేర్‌లో అయితే ప్రతి బొమ్మకూ పైనుంచే కొలత, కాబట్టి 6 అని పెడితే అయిపాయ. వెక్ట్రిక్ వాళ్ల వీకార్వ్‌లో స్టార్ట్ డెప్త్, కట్ డెప్త్ అని రెండు గడులు ఉంటాయి. ఆడ స్టార్ట్ 3, కట్ 3 రాయాల. అట్ల కాకుండా స్టార్ట్ 3 పెట్టి కట్ 6 అన్నావంటే మొత్తం 9 దిగుతాది, నీ 12 ఎంఎం పలకలో అడుగున మూడే మిగుల్తాది. స్టార్ట్ 0, కట్ 6 అంటే ద్వారం సరిగ్గానే వస్తాది గానీ, మొదటి సగంసేపు మిషన్ ఉత్త గాలిని కోస్తా కూర్చుంటాది. అదే ద్వారం చుట్టూ గోడ పైమట్టంలోనే ఉంటే మాత్రం స్టార్ట్ 0, కట్ 6 అనే పెట్టాల. ఫ్రీక్యాడ్ అనేదాంట్లో పైమట్టం సున్నా అనుకుని మైనస్ 6 అని జెడ్ (ఎత్తు) అంకెనే నేరుగా ఇవ్వొచ్చు. ఏ సాఫ్ట్‌వేర్ పట్టుకున్నా మొదటిరోజే ఈ ఒక్కటీ తేల్చుకో, మిగతావన్నీ బటన్లు యాడ ఉండాయో వెతుక్కోవడమే.

ఇంకోటి, మొత్తం లోతు వేరు, పాసు లోతు, అంటే ఒక్క విడతలో దిగేది, వేరు. ద్వారం 6 ఎంఎం అన్నామని బిట్టు ఒక్కసారే 6 దిగదు. ఉలితో అయినా ఒక్క దెబ్బకు అంత తీయం గదా. 775 మోటారుకు టేకులో పాసుకు అర ఎంఎం నుంచి ఒక ఎంఎం చాలు. ఫీడు, అంటే బిట్టు నడిచే వేగం, నిమిషానికి 600 ఎంఎం, కిందికి దిగేటప్పుడు 150, 200 మధ్య. గడ్డకట్టిన పొడి మాదిరి కాకుండా సన్నని పెచ్చులు లేస్తాంటే సరిగ్గా పోతాందని అర్థం. పొగ వాసన వస్తే ఫీడు పెంచు, తగ్గించొద్దు. నిదానంగా పోతే బిట్టు కోయకుండా రుద్దుతా కాలుస్తాది.

నీకు నేను చెప్పేది ఈజెల్‌తో మొదలుపెట్టమని. ఇన్వెంటబుల్స్ వాళ్లది, బ్రౌజర్‌లోనే నడుస్తాది, కాబట్టి 4 జీబీ అడ్డం కాదు. జీఆర్‌బీఎల్ బోర్డులతో నేరుగా మాట్లాడుతాది. బొమ్మ ఎంచుకుంటే పక్కనే లోతు జరిపే పట్టీ వస్తాది. ఎంత లోతు పెడితే బొమ్మ అంత ముదురు బూడిదరంగుకు తిరుగుతాది, పక్కన చెక్క ఎట్ల వస్తుందో చూపిస్తాది. కళ్లతో చూసి పని చేసే మన లాంటోళ్లకు ఇంతకంటే తేలికైంది లేదు.

నీ పలకనే అందులో ఎట్ల పరచాలో చెప్తా. బోర్డరు లోపలి కొలతకు ఒక దీర్ఘచతురస్రం గీసి, ఫిల్ (గీత లోపలంతా చెక్కేది) పెట్టి, లోతు 3 ఇయ్యి. దాని మీద అక్షరాలు పెట్టి వాటికీ ఫిల్లే, లోతు మాత్రం 0. బురుజు గోడ బొమ్మకు కూడా 0. ద్వారానికి 6. ఈజెల్‌లో పైన ఉన్న బొమ్మ మాటే చెల్లుతాది, కింద నేల 3 అన్నా పైన అక్షరం 0 అంటే ఆడ చెక్కదు, అక్షరం నిలబడిపోతాది. అదే అక్షరాలు దీర్ఘచతురస్రం కిందికి పోయినాయంటే మాయమవుతాయి. ద్వారమూ అంతే, గోడ బొమ్మ కంటే పైన ఉండాల. వరస సరిచేసుకునేది రైట్ క్లిక్‌లో ఉంటాది.

దాని లోపాలూ చెప్పాల. నెట్ లేకుంటే పని లేదు. మొన వీ ఆకారంలో ఉండే బిట్టుతో చెక్కే సదుపాయం డబ్బు కట్టే ప్రో రకంలో ఉంటాది. నీ పని ఫ్లాట్ బిట్టుతో అయ్యేదే కాబట్టి మొదటి ఆర్డరుకు అడ్డం రాదు.

పని పట్టాలెక్కినాక వెక్ట్రిక్ వీకార్వ్ డెస్క్‌టాప్ ట్రయల్ వేసుకో. గీయొచ్చు, టూల్‌పాత్ తీయొచ్చు, స్క్రీను మీద చెక్కి చూడొచ్చు. నీ సొంత టూల్‌పాత్ సేవ్ చేయనియ్యదు, అంతే. ఒకసారి డబ్బు కడితే నీ సొంతం, నెలనెలా కట్టే బాధ లేదు. డెస్క్‌టాప్ రకానికి పని కొలత 25 అంగుళాలకు 25 అంగుళాలని హద్దు ఉండాది, మన 3018 పలకే 300కి 180 ఎంఎం, ఆ హద్దు మనల్ని ఏం చేస్తాది! పోస్ట్ ప్రాసెసర్ (ఏ మిషన్‌కు తగ్గట్టు జీకోడ్ రాయాలనేది) అడిగిన చోట జీఆర్‌బీఎల్ ఎంఎం రకం ఎంచుకో. అంగుళాలది ఎంచుకుంటే ఫైల్లో ఎంఎం అని చెప్పే జీ21కి బదులు అంగుళాలని చెప్పే జీ20 పడతాది.

నెట్ నమ్మలేను, డబ్బు కూడా ఎక్కువ పెట్టలేను అంటే ఎస్‌ట్ల్‌క్యామ్ చూడు. చిన్నది, పాత విండోస్ లాప్‌టాప్‌లోనూ కదులుతాది. లైసెన్సు కొనేదాకా అన్నీ పని చేస్తాయి, నడుమ నడుమ కాసేపు నిలబెడతాది. చూసేదానికి ముచ్చటగా ఉండదు, పని మాత్రం శుద్ధం.

ఫ్యూజన్ మంచిదే. నీకు మాత్రం వద్దు. ఆ లాప్‌టాప్‌కు మోయలేని బరువు. పైగా ఊరికే ఇచ్చేది వ్యక్తిగత వాడకానికి, నువ్వేమో అమ్మే పని చేస్తాండావు.

రూటర్ బ్రో, కడప:

అన్నా, మీరు చెప్పినదంతా ఒప్పుకుంటా కానీ ఫ్రీక్యాడ్‌ను ఒక్క మాటతో దాటేశారు. ఇంజనీరింగ్ చదువుతున్నా, మా ల్యాబ్‌లో లైనక్స్ మీద అదే వాడతాం. 1.0 వెర్షన్ 2024 నవంబరులో వచ్చింది. అందులో టూల్‌పాత్ తీసే పాత 'పాత్' వర్క్‌బెంచ్ పేరు ఇప్పుడు 'క్యామ్'. నెట్ అక్కరలేదు, లైసెన్సు గొడవ లేదు, అమ్మే పనికి కూడా వాడుకోవచ్చు. పలకను నిజంగానే త్రీడీలో తయారుచేస్తాం కాబట్టి ద్వారం అడుగు మీద క్లిక్ చేస్తే లోతు అదే తీసుకుంటుంది, అంకె కొట్టే పనే లేదు. స్టెప్ డౌన్ (పాసు లోతు) ఒక్కటి ఇస్తే చాలు.

ఏ సాఫ్ట్‌వేర్ వాడినా, జీకోడ్‌ను చెక్క మీదికి పంపే ముందు కామోటిక్స్‌లో వేసి చూసుకోండి. అది కూడా ఉచితమే. టూల్ ఎక్కడ దిగుతోంది, బోర్డరును ఎక్కడైనా తగులుతోందా అన్నీ కనిపిస్తాయి.

చెక్కపని, అనంతపురం:

తమ్ముడూ, కామోటిక్స్ మాట బంగారం. ఫ్రీక్యాడ్ గురించి నాకేం కోపం లేదు. కానీ ఆయన కోరెల్ చేయి. గీత గీయడం వచ్చు, త్రీడీలో ముద్ద కట్టడం రాదు. గృహప్రవేశం ముహూర్తం సాఫ్ట్‌వేర్ నేర్చుకునేదాకా ఆగదు గదా. నేర్చుకునే తీరిక ఉన్నోళ్లకు అదే మేలు, నీ మాట కాదనను.

బంగారు పని, ప్రొద్దుటూరు:

ఒక సంగతి చెప్పి పోతా. మేం నగల అచ్చులకు మైనం మీద చెక్కుతాం. రేడియం అన్న చెప్పింది మెట్లు మెట్లుగా దిగే పని, ఒక్కో మెట్టు చదునుగా ఉంటుంది. దానికి పైన చెప్పినవన్నీ సరిపోతాయి. రేపు ఎవరైనా వచ్చి లక్ష్మీదేవి ముఖం కావాలన్నారనుకోండి, బుగ్గ దగ్గర లోతు మెల్లగా మారుతూ పోవాలి. అప్పుడు ఈ పద్ధతి పనికిరాదు. ఎస్‌టీఎల్ (త్రీడీ బొమ్మ ఫైలు) మోడలు, కొన గుండ్రంగా ఉండే బాల్ నోస్ బిట్టు, పక్కపక్క గీతల దూరం బిట్టు మందంలో పదో వంతు. దానికి కిరిమోటో అని బ్రౌజర్‌లోనే నడిచేది ఉంది, ఉచితం. సొంతంగా రిలీఫ్ బొమ్మ తయారుచేసుకోవాలంటే వెక్ట్రిక్ వాళ్ల ఆస్పైర్ లాంటిదాని దాకా పోవాలి, ధర చూసి కళ్లు తిరుగుతాయి. ఇప్పుడే ఆ ఆర్డరు ఒప్పుకోకండి.

రేడియం షాపు, కర్నూలు:

అనంతపురం అన్నా, ఈజెల్‌లో నువ్వు చెప్పినట్టే పరిచినా. ద్వారం ముదురుగా, నేల కొంచెం లేతగా భలే కనపడతాంది. కోరెల్ నుంచి ఎస్‌వీజీ (గీతల బొమ్మ ఫైలు) తెచ్చినా. రెండు అనుమానాలు.

"లక్ష్మీ"లో క్ష్మీ కాడ ప్రివ్యూలో ఒత్తులన్నీ అతుక్కుపోయి ఒక ముద్ద మాదిరి కనపడతాంది. స్క్రీనుదా తప్పు, ఫాంటుదా? రెండోది, నేల మొత్తం చదును చేసేదానికి ఎంతసేపు పడుతాదో చూస్తే నమ్మబుద్ధి కాలేదు. నిజంగానే గంటలు గంటలా?

చెక్కపని, అనంతపురం:

ముద్ద సంగతి ముందు చెప్తా. దాంట్లో రెండు కారణాలు కలిసి ఉంటాయి.

ఒకటి, అనూ ఫాంటులో ఒత్తు వేరే ముక్క, గుడి వేరే ముక్క, అక్షరం మీద ఒకదాన్నొకటి ఎక్కి కూర్చుంటాయి. వినైల్ కోసేటప్పుడు నువ్వు ఆ ముక్కలన్నీ ఒకటిగా కలిపి వెల్డ్ చేసే ఉంటావు, లేకుంటే స్టిక్కరు తొక్క తీసేటప్పుడు నడుమ గీత పడుతాది గదా. ఈడ కూడా అంతే. కంట్రోల్ క్యూ కొట్టి కర్వ్స్ చేసి, అక్షరమంతా ఎంచుకుని వెల్డ్ చెయ్యి. వ్యూలో వైర్‌ఫ్రేమ్ పెట్టి చూస్తే లోపల అడ్డగీతలు మిగిలినాయా లేదా తెలిసిపోతాది. ఎస్‌వీజీ దించినాక ఈజెల్‌లో ప్లేటు వెడల్పు 250 ఉందా అని ఒకసారి చూసుకో. ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి పోయేటప్పుడు సైజు మారే అలవాటు ఎస్‌వీజీకి ఉండాది.

రెండోది బిట్టు మందం. నీ బిట్టు 3.175 అయితే, షకూ దాని కింద మ ఒత్తుకూ నడుమ సందు అంతకంటే సన్నంగా ఉన్న చోటికి అది పోనే పోదు. ఆడ చెక్క అట్లనే నిలబడిపోతాది, చదివేటోనికి ముద్ద మాదిరే ఉంటాది. ఇంగ్లీషు అక్షరాలకు ఈ తిప్పలు తక్కువ, మన ఒత్తులకే. మూడు దార్లు ఉండాయి. అక్షరం పెద్దది చెయ్యడం, లేదంటే ఒత్తును కోరెల్‌లో పట్టుకుని కొంచెం కిందికి లాగడం, అదీ కుదరకపోతే 1 ఎంఎం బిట్టుతో ఆ సందులు మాత్రం రెండోసారి తీయడం. ఈజెల్‌లో పెద్ద బిట్టు, సన్న బిట్టు అని రెండూ చెప్పుకునే వీలు ఉండాది. సన్న బిట్టుకు పాసు 0.3 దాటించొద్దు, పుటుక్కున పోతాది. నేనైతే ఒత్తు కిందికి లాగుతా. ఇంటాయన కొలబద్ద పెట్టి చూడడు.

బిట్టు మార్చాల్సి వస్తే ఒక జాగ్రత్త. రెండు బిట్లకూ రెండు వేరే ఫైళ్లు తీసుకో. టూల్ మార్చమనే ఎం6 కోడు ఫైల్లో ఉంటే జీఆర్‌బీఎల్ ఎర్రర్ 20 అని మొరాయిస్తాది. ఎక్స్, వై జోలికి పోకుండా జెడ్ ఒక్కటే మళ్లీ జీరో చేసుకోవాల. నీ మొదటి జీరో పలక నడిమధ్య పెట్టుకుని ఉంటే ఆ చోటు అప్పటికే 3 ఎంఎం దిగి ఉంటాది, అదే పైమట్టం అనుకుని కొత్త బిట్టు ఇంకో మూడు కిందికి పోతాది. అందుకే జెడ్ జీరో ఎప్పుడూ బోర్డరు మీద, చెక్కని చోట ముట్టించు.

ఇంక టైము. అది నిజమే చూపిస్తాంది. లెక్క వేస్తా చూడు. 250కి 120 అంటే 30,000 చదరపు ఎంఎం. 3.175 బిట్టు, పక్కకు జరిగేది నలభై శాతం, అంటే 1.27. 30,000ను 1.27తో భాగిస్తే ఒక్క పాసుకు బిట్టు నడిచే దూరం ఇరవై మూడున్నర మీటర్ల పైన. నిమిషానికి 600 ఎంఎం చొప్పున దగ్గర దగ్గర 39 నిమిషాలు. పాసుకు 1 ఎంఎం తీసుకున్నా 3 ఎంఎం నేలకు మూడు పాసులు, రెండు గంటలు. అక్షరాలు, బోర్డరు పోగా కొంచెం తగ్గుతాది. పాసు అర ఎంఎంకు దించితే దానికి రెట్టింపు. నిజం చెప్పాలంటే నేల 3 అక్కరలేదు, 2 చాలు, అక్షరం నీడ బాగానే పడుతాది. ఇంటాయనకు ఒక శాంపిల్ ముక్క చూపించి ఒప్పించు, ఒక పాసు మిగుల్తాది. ద్వారం 6 అట్లనే ఉంచు, దాని అందమే ఆ లోతు.

పలక చదునుగా ఉందా అన్నది ఇంకో లెక్క. ఒక మూల ఒక ఎంఎం ఎత్తుంటే నీ 2 ఎంఎం నేల ఒక పక్క 3, ఒక పక్క 2 అవుతాది. సాఫ్ట్‌వేర్‌కు ఆ వంకర తెలీదు. చిత్రిక పట్టించి తెచ్చుకో. కింద వేసే ఎండీఎఫ్ ముక్కను కూడా అదే మిషన్ మీద ఒకసారి సన్నగా చదును చేసుకో.

రెండు గంటల పని కాబట్టి కరెంటు చూసుకో. నడుమ పోతే జీఆర్‌బీఎల్‌కు తానెక్కడున్నదీ గుర్తుండదు. పలక కదిలించకుండా, ఎక్స్ వై జీరో కాడ పెన్సిలుతో గీత గీసి పెట్టుకుంటే మళ్లీ పట్టుకోవచ్చు. లాప్‌టాప్ స్లీపుకు పోకుండా సెట్టింగు మార్చు.

రేడియం షాపు, కర్నూలు:

పెద్ద ఉపకారం చేసినావన్నా. నేల 2కు ఆయన ఒప్పుకున్నాడు. ఒత్తు కిందికి లాగినా, ఇప్పుడు ముద్ద విడిపోయింది. చివరిది ఒకటి, ఆ రెండు స్క్రూ రంధ్రాలు 12 ఎంఎం అవతలికి తీయాలంటే లోతు 12 పెడితే సరిపోతాదా, ఇంకొంచెం ఎక్కువ ఇయ్యాల్నా?

చెక్కపని, అనంతపురం:

పూర్తిగా అవతలికి పోవాలంటే పలక మందం కంటే పిసరు ఎక్కువ ఇస్తారు, కింద ఎండీఎఫ్ ఉంటాది కాబట్టి. కానీ నీ బిట్టుకు కోసే పళ్ల పొడవు 12 దాటి ఉందా చూడు. చాలా బిట్లకు అంత ఉండదు, పైన నున్నటి కాడ చెక్కకు రుద్దుకుంటాది. డ్రిల్లింగ్ కోసమని కొన్ని సాఫ్ట్‌వేర్లు జీ81 రాస్తాయి, అదీ జీఆర్‌బీఎల్ ఒప్పుకోదు.

ఆ రెండింటి కోసం ఇంత ఎందుకు. ఆ చోట 1 ఎంఎం లోతు చుక్క మాత్రం మిషన్‌తో వేయించు. పలక తీసినాక ఆ చుక్కలో చేతి డ్రిల్లు పెట్టు. కింద ఇంకో చెక్క ముక్క ఆనించి నొక్కు, లేకుంటే వెనక పక్క పెచ్చు లేస్తాది.